ఈ మనిషి ఏ ఊరి లెక్క?

లండన్‌కు చదువుకోవడానికి వచ్చే తెలుగు పిల్లలు చాలామంది మొదట దిగేది ఈస్ట్ హామ్‌లోనో, ఆ చుట్టుపక్కలనో. గోంగూర దొరుకుతుంది, మురుగన్ గుడి ఉంది, మిగతా లండన్‌తో పోలిస్తే అద్దె కాస్త నయం. ఈ ఈస్ట్ హామ్ న్యూహామ్ అనే బరోలో భాగం. బరో అంటే సొంత కౌన్సిల్ ఉన్న ఒక మునిసిపాలిటీ అనుకోండి. ఇల్లు లేనివాళ్ల కోసం పనిచేసే షెల్టర్ అనే సంస్థ ఏటా వేసే నిరాశ్రయుల లెక్కల్లో కొన్నేళ్లుగా ఇంగ్లండ్ మొత్తానికి ముందు వరసలో నిలుస్తున్న బరో ఇది. ఇక్కడ దాదాపు ఇరవైమందిలో ఒకరికి నిలకడైన నీడ లేదు.

తీరా వచ్చి చూస్తే ఫుట్‌పాత్‌ల మీద అంతమంది కనబడరు. ఇదే బరోలోని స్ట్రాట్‌ఫర్డ్ స్టేషన్ ఎదుట పాత షాపింగ్ సెంటర్‌లో రాత్రిపూట పడుకునేవాళ్లు ఉన్నారు, లేరనను. కానీ 2024 ఆఖర్లో ఇంగ్లండ్ అంతటా ఒక్క రాత్రికి వేసిన లెక్కలో ఆరుబయట పడుకున్నవాళ్లు 4,667 మంది తేలారు. అదే దేశంలో 2025 మార్చి చివరికి కౌన్సిళ్లు చూపించిన తాత్కాలిక వసతిలో ఉన్న కుటుంబాలు 1,31,000 పైచిలుకు. అందులో పిల్లలే 1,69,000 మంది. అంటే ఇక్కడ ఇల్లు లేని మనిషి ఎక్కువగా మనం ఊహించుకునే మనిషి కాదు. ఏ చవక హోటల్ గదిలోనో సూట్‌కేసులు పూర్తిగా విప్పకుండా, ఒకే మంచం మీద ఇద్దరు పిల్లల చేత హోంవర్క్ చేయిస్తున్న తల్లి. ఆ గది అద్దెలో పెద్ద వాటా కౌన్సిల్ మోస్తుంది. దయ కలిగి కాదు, చట్టం దాని నెత్తిన పెట్టింది కనుక.

మనకు ఇది కొత్తగా అనిపిస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో పేదవాడికి ఇల్లు పథకంగా వస్తుంది. ఇందిరమ్మ ఇల్లు, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు, ఇళ్ల స్థలం పట్టా. ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం, పంచేది ఎమ్మెల్యే సమక్షంలో, గోడ మీద రంగు ఆ ఏడు అధికారంలో ఉన్నవాళ్లది. సుప్రీంకోర్టు ఆదేశాల పుణ్యమా అని పట్టణాల్లో రాత్రి బస కేంద్రాలు వచ్చాయి కానీ, ఎవరూ మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి ‘ఈ రాత్రికి నాకూ నా పిల్లలకూ చోటు లేదు, మీరే చూపించాలి’ అని చట్టం చేతపట్టుకుని అడగలేరు. ఇక్కడ అడగవచ్చు. కౌన్సిల్ కాదంటే కోర్టుకు లాగవచ్చు. అయితే ఈ హక్కు పక్కనే ఒక పాత పేచీ కూడా ఉంది. మనిషిని చూసుకోవలసింది ఊరు, డబ్బు చేతిలో ఉన్నది ఇంకొకరు. ఈ పేచీకి నాలుగు వందల ఏళ్లు దాటాయి.

1601లో, మొదటి ఎలిజబెత్ రాణి చివరి రోజుల్లో, ఒక చట్టం వచ్చింది. ప్రతి చర్చి పరిధిలోని ఊరు, అంటే పారిష్, తన పేదలను తానే పోషించాలి. అందుకు ఆస్తి ఉన్నవాళ్ల మీద పన్ను వేసుకోవచ్చు, లెక్క చూడటానికి ఇద్దరు ముగ్గురు పెద్దలను నియమించుకోవాలి. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, మన పేదలెవరు? పక్కూరి నుంచి వచ్చి ఇక్కడ జబ్బుపడ్డవాడు మనవాడా? 1662లో దానికీ చట్టం చేశారు. ఏడాదికి పది పౌండ్ల కంటే తక్కువ అద్దె ఇంట్లో దిగిన కొత్త మనిషి రేపు తమ మీద పడతాడని అనుమానం వస్తే చాలు, నలభై రోజుల్లోగా ఫిర్యాదు చేసి అతన్ని సొంత పారిష్‌కు తోలేయవచ్చు. పెళ్లికాని గర్భిణులను ప్రసవానికి ముందే పొలిమేర దాటించేవారు, ఎందుకంటే బిడ్డ ఏ ఊళ్లో పుడితే ఆ ఊరి ఖర్చులో పడుతుంది. ఒక మనిషి మీ వాడంటే మీ వాడని రెండు పారిష్‌లు కోర్టుకెక్కి, ఆ మనిషిని పోషించడానికి అయ్యేదానికి మించి ప్లీడర్లకు పోసిన సందర్భాలు కూడా ఉన్నాయి. అన్నదమ్ముల పొలం తగాదాలు చూసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు.

1834 తర్వాత దీని మీద వర్క్‌హౌస్ వచ్చి కూర్చుంది. సాయం కావాలంటే లోపలికి రావాలి. లోపల భార్య ఒక వైపు, భర్త ఒక వైపు, పిల్లలు మరో వైపు. బయట ఉండే అతి బీద కూలీ బతుకు కంటే లోపలి బతుకు హీనంగా ఉండాలన్నది బాహాటంగా ప్రకటించిన నియమం. దానికి పదేళ్ల ముందు, 1824లో, ఆరుబయట పడుకోవడమే నేరమంటూ వేగ్రన్సీ చట్టం చేశారు. నెపోలియన్ యుద్ధాల నుంచి తిరిగొచ్చి దారిన పడ్డ సైనికులు కూడా దాని పాలిట పడ్డారు. ఆ చట్టాన్ని రద్దు చేయడానికి పార్లమెంటు ఒప్పుకున్నది 2022లో. ఒప్పుకున్నాక కూడా అమలు తేదీ ఏళ్ల తరబడి జరుగుతూ వచ్చింది.

ఇక న్యూహామ్ సంగతి. లీ అనే చిన్న నది ఒకటుంది, తేమ్స్‌లో కలుస్తుంది. అప్పట్లో దానికి పడమర లండన్, తూర్పున ఎసెక్స్. 1844లో లండన్ భవనాల చట్టం కంపుకొట్టే పరిశ్రమలను నగరంలో కట్టడి చేసింది. ఎముకలు ఉడికించేవాళ్లు, రసాయనాలు, సబ్బులు, ఎరువులు చేసేవాళ్లు నది దాటి, ఇప్పటి న్యూహామ్‌లో భాగమైన వెస్ట్ హామ్‌లో దిగారు. 1855లో రాయల్ విక్టోరియా డాక్ తెరిచారు. 1841లో పదమూడు వేల లోపు జనం ఉన్న వెస్ట్ హామ్ 1901 నాటికి రెండు లక్షల అరవై వేలు దాటింది. సామ్రాజ్యం సరుకు దిగే రేవు ఇది. మన తేయాకు, జనపనార కూడా లండన్ రేవుల్లో దిగేవి. లాభం నది అవతల లెక్కకు పోయేది, రేవులో రోజుకూలీ దొరకనివాడు మాత్రం ఇవతల పారిష్ లెక్క. 1889లో లండన్ కౌంటీ కౌన్సిల్ ఏర్పడినప్పుడు కూడా వెస్ట్ హామ్‌ను అందులో చేర్చుకోలేదు. ఈ కోపంలోంచే 1892లో కార్మిక నాయకుడు కీర్ హార్డీ ఇక్కడి నుంచి పార్లమెంటుకు గెలిచాడు. 1898లో దేశంలో మొట్టమొదటిసారి కార్మికుల పక్షం చేతికి వచ్చిన కౌన్సిల్ కూడా వెస్ట్ హామే.

కౌన్సిల్ తానే ఇళ్లు కట్టడం అప్పటికే మొదలైంది. లివర్‌పూల్ 1869లో తొలి ఇళ్లు కట్టింది. లండన్ కౌంటీ కౌన్సిల్ షోర్‌డిచ్ దగ్గర ఓల్డ్ నికల్ అనే మురికివాడను పడగొట్టి 1900లో బౌండరీ ఎస్టేట్ తెరిచింది. పడగొట్టిన ఇళ్ల రాళ్లు రప్పలన్నీ మధ్యలో గుట్టగా పోసి దాని మీద బ్యాండ్ వాయించే మంటపం కట్టారు. ఇప్పటికీ ఉంది, వెళ్లి కూర్చోవచ్చు. కానీ పాత వాడలోంచి లేపేసిన వేలమందిలో ఆ కొత్త ఇళ్లలోకి తిరిగి వచ్చినవాళ్లు బహు కొద్దిమంది. అద్దె వాళ్లకు అందలేదు. ఊరిని బాగుచేయడం, అందులో ఉన్నవాళ్లను బాగుచేయడం ఒకటి కాదని ఈ దేశం నేర్చుకున్న మొదటి పాఠం అది. ఆ తర్వాత మళ్లీ మళ్లీ మర్చిపోయింది.

మొదటి ప్రపంచ యుద్ధం పరిస్థితిని తిప్పింది. 1915లో గ్లాస్గోలో మేరీ బార్బర్ ముందుండగా ఆడవాళ్లు అద్దె కట్టం పొమ్మన్నారు. ప్రభుత్వం దిగివచ్చి అద్దెలకు పరిమితి పెట్టింది. 1917 జనవరిలో ఇక్కడి సిల్వర్‌టౌన్‌లో, జనావాసాల మధ్య పెట్టిన టీఎన్‌టీ ఫ్యాక్టరీ పేలి 73 మంది చనిపోయారు, వేల ఇళ్లు దెబ్బతిన్నాయి. యుద్ధం ముగిశాక, అటు రష్యాలో విప్లవం మండుతుండగా, ఇళ్లు లేని సైనికులను చూసి లండన్ పెద్దలకు భయం పట్టుకుంది. 1919లో ఆడిసన్ చట్టం వచ్చింది. కౌన్సిల్ ఇళ్లు కట్టాలి, పౌండుకు ఒక పెన్నీ చొప్పున స్థానిక పన్నుతో వచ్చే మొత్తం వరకే దాని నష్టం, మిగతాది కేంద్రం భరిస్తుంది. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో ముఖ్యమైన వాక్యం ఇదే. బాధ్యతతో పాటు డబ్బును కూడా మొదటిసారి పంపారు. అయిదు లక్షల ఇళ్లన్నారు, రెండు లక్షల పైన కట్టారు, 1921లో ఖర్చు ఎక్కువైందని ఆపేశారు. ఆపినా దారి పడింది. రెండు యుద్ధాల మధ్య పది లక్షలకు పైగా కౌన్సిల్ ఇళ్లు లేచాయి. న్యూహామ్‌కు తూర్పున ఉన్న బెకన్‌ట్రీలో సుమారు 26 వేల ఇళ్లు ఒకే ఎస్టేట్‌గా కట్టారు.

అదే కాలంలో పేదల పోషణ ఖర్చు మాత్రం ఇంకా ఊరి మీదే ఉంది. 1921లో నది అవతలి పోప్లార్ కౌన్సిల్, పేదలు మా దగ్గరే ఎక్కువ, పన్ను కట్టేవాళ్లు మా దగ్గరే తక్కువ, ధనిక బరోలతో సమానంగా మీకు ఎందుకు చెల్లించాలి అని లండన్ కౌంటీకి ఇవ్వవలసిన వాటా ఆపేసింది. జార్జ్ లాన్స్‌బరీతో సహా ముప్పైమంది కౌన్సిలర్లు జైలుకెళ్లారు. జైల్లోనే కౌన్సిల్ సమావేశాలు జరిపారు. ప్రభుత్వం ధనిక బరోల సొమ్ము కొంత బీద బరోలకు మళ్లించక తప్పలేదు. వెస్ట్ హామ్‌కు ఆ అదృష్టం పట్టలేదు. ఇక్కడ పేదల సహాయ బోర్డు నిరుద్యోగ కుటుంబాలకు కాస్త చేయి చాచి ఇచ్చింది, చేతిలో లేక అప్పు చేసింది. 1926లో మంత్రి నెవిల్ చాంబర్లిన్ కొత్త చట్టం చేయించి, ఎన్నికైన ఆ బోర్డును పక్కకు తప్పించి తన మనుషులను కూర్చోబెట్టాడు. వాళ్లు వచ్చీరాగానే చేసిన పని సాయం తగ్గించడం.

1940 సెప్టెంబరు 7న జర్మన్ విమానాలు ఈ రేవుల మీద పడ్డాయి. ఇళ్లు కూలిన కుటుంబాలను క్యానింగ్ టౌన్‌లో సౌత్ హాల్స్‌విల్ స్కూల్లో పెట్టారు. బస్సులు వస్తాయి, సురక్షితమైన చోటికి తీసుకెళ్తాయి అన్నారు. బస్సులు రాలేదు. డ్రైవర్లకు క్యానింగ్ టౌన్ బదులు క్యామ్‌డెన్ టౌన్ అని చెప్పారని ఇక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. పదో తేదీ తెల్లవారుజామున ఆ స్కూలు మీదే బాంబు పడింది. ప్రభుత్వం 77 మంది అంది. ఊళ్లోవాళ్లు వందల్లో చెబుతారు. చనిపోయినవాళ్లంతా అప్పటికే ఇల్లు పోయి, ఎక్కడికి పంపాలో ఎవరూ తేల్చక, వరసలో కూర్చున్నవాళ్లు.

యుద్ధం తర్వాత గృహనిర్మాణం అనూరిన్ బెవన్ చేతికి వచ్చింది, ఆరోగ్య సేవను నిలబెట్టిన మంత్రే. కౌన్సిల్ ఇల్లు కూలీలకు మాత్రమే అన్న మాటను 1949లో చట్టంలోంచి తీసేయించాడు. డాక్టరూ వ్యవసాయ కూలీ ఒకే వీధిలో ఉండాలన్నది అతని పట్టుదల. తర్వాత కన్సర్వేటివ్ మంత్రి మాక్‌మిలన్ ఏడాదికి మూడు లక్షల ఇళ్లు కట్టి చూపించాడు. రెండు పార్టీలూ పోటీపడి కట్టిన కాలం అది. ఆ పోటీలోనే అంకెల జబ్బు పట్టింది. 1956 నుంచి ఎత్తు పెరిగేకొద్దీ ఫ్లాట్‌కు ఎక్కువ సబ్సిడీ అన్నారు. ఫ్యాక్టరీలో పోసిన గోడలు తెచ్చి పేకముక్కల్లా నిలబెట్టారు. 1968 మే 16న న్యూహామ్‌లో, తెరిచి రెండు నెలలే అయిన రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో ఒకావిడ పొద్దున్నే టీ పెట్టుకుందామని అగ్గిపుల్ల గీసింది. గ్యాస్ లీకై ఉంది. పై నుంచి కింది దాకా ఒక మూల మొత్తం కూలిపోయింది. నలుగురు పోయారు. ఆవిడ బతికింది. మళ్లీ కట్టి జనాన్ని పెట్టారు. చివరకు 1986లో విప్పదీస్తే, గోడల అతుకుల్లో సిమెంటు ఉండాల్సిన చోట పాత న్యూస్‌పేపర్లు కుక్కి ఉన్నాయి.

ఇన్ని కట్టినా ఇల్లు లేనివాళ్లు మిగిలారు. 1948లో పాత పేదల చట్టాన్ని రద్దు చేసి, అనుకోని ఆపదలో ఇల్లు పోయినవాళ్లకు కౌన్సిళ్లు తాత్కాలికంగా చోటివ్వాలన్నారు. ఆ చోట్లు చాలావరకు పాత వర్క్‌హౌస్ భవనాలే. చాలాచోట్ల భర్తను లోపలికి రానిచ్చేవారు కాదు. 1966 నవంబరులో బీబీసీ ఒక నాటకం వేసింది, కేథీ కమ్ హోమ్ అని. కెన్ లోచ్ దర్శకుడు. ఉద్యోగం, ఇల్లు, చివరకు పిల్లలు ఒక్కొక్కటిగా చేజారిపోయే ఒక మామూలు కుటుంబం కథ. కోటి ఇరవై లక్షలమంది చూశారు. పదిహేను రోజుల్లో షెల్టర్ సంస్థ మొదలైంది. అయినా చట్టం రావడానికి పదకొండేళ్లు పట్టింది. 1977లో, అదీ ప్రభుత్వం పెట్టిన బిల్లు కాదు. స్టీఫెన్ రాస్ అనే లిబరల్ ఎంపీ ప్రైవేటు బిల్లుగా తెచ్చాడు. ఇల్లు లేని కుటుంబానికి ఇల్లు చూపించడం కౌన్సిల్ విధి అయింది.

అయితే ఆ చట్టంలోనే తలుపులు వరసగా పెట్టారు. నిజంగా ఇల్లు లేదా? పిల్లలు, గర్భం, ముసలితనం, జబ్బు లాంటి అవసరం ఉందా? కావాలని ఇల్లు పోగొట్టుకున్నావా? ఆఖరిది, ఈ ఊరితో నీకేం సంబంధం? గత ఏడాదిలో ఆరు నెలలో, అయిదేళ్లలో మూడేళ్లో ఇక్కడ ఉన్నావా, ఇక్కడ పనిచేస్తున్నావా, దగ్గరి బంధువులున్నారా? 1662 నాటి పారిష్ పెద్ద సూటు వేసుకుని కౌంటర్ వెనక కూర్చున్నట్టే ఉంటుంది. ఒంటరి మగవాడు, ఆరోగ్యంగా ఉన్నవాడు, రెండో తలుపు దగ్గరే ఆగిపోతాడు. ఫుట్‌పాత్ మీద కనబడేది ఎక్కువగా అతనే.

చట్టం వచ్చిన మూడేళ్లకే ఇళ్లు పోవడం మొదలైంది. 1980లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం కౌన్సిల్ ఇంట్లో అద్దెకు ఉన్నవాళ్లకు దాన్ని భారీ తగ్గింపు మీద కొనుక్కునే హక్కు ఇచ్చింది. ఫ్లాట్లకు తర్వాత 70 శాతం దాకా తగ్గించారు. కొన్నవాళ్లను తప్పుపట్టను. జీవితమంతా అద్దె కట్టిన రేవు కూలీ ఇంటికి యజమాని కావడం చిన్న సంగతి కాదు. తప్పు ఎక్కడంటే, అమ్మగా వచ్చిన డబ్బుతో కౌన్సిళ్లు మళ్లీ ఇళ్లు కట్టుకోకుండా చేతులు కట్టేశారు. ఇంగ్లండ్‌లో ఇప్పటివరకు సుమారు 20 లక్షల ఇళ్లు అలా పోయాయి. లండన్‌లో అమ్మిన వాటిలో నూటికి నలభై దాకా తిరిగి ప్రైవేటు అద్దెకు వచ్చాయని లెక్కలున్నాయి. వాటిని కొని అద్దెకిచ్చుకునేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఇల్లు లేని కుటుంబం కోసం కౌన్సిల్ అదే ఫ్లాట్‌ను, ఒకప్పుడు తాను కట్టి తాను అమ్మినదాన్ని, మార్కెట్ రేటుకు అద్దెకు తీసుకున్న సందర్భాలకు ఇక్కడ కొదవ లేదు. స్కాట్లండ్, వేల్స్ ఈ అమ్మకాన్ని పూర్తిగా ఆపేశాయి. ఇంగ్లండ్ 2024 నవంబరులో తగ్గింపులను బాగా కోసింది కానీ ఆపలేదు.

1988లో మరో చట్టం. ప్రైవేటు యజమాని కారణం చెప్పకుండా రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయించవచ్చన్నారు. కౌన్సిల్ తలుపు తట్టే కుటుంబాల్లో ఈ నోటీసు పట్టుకుని వచ్చేవాళ్లే పెద్ద గుంపయ్యారు. దీన్ని తీసేస్తామని 2019 నుంచి చెబుతూ వచ్చి, చివరకు 2025 అక్టోబరులో చేసిన అద్దెదారుల హక్కుల చట్టంలో తీసేశారు, అమలు తేదీ 2026 మే 1.

ఇప్పుడు కౌన్సిళ్లు ఏం చేస్తున్నాయి? 2002 నుంచి ప్రతి కౌన్సిల్ అయిదేళ్లకోసారి తన పరిధిలో ఎవరు, ఎందుకు ఇళ్లు కోల్పోతున్నారో పరిశీలించి ఒక ప్రణాళిక ప్రచురించాలి. 2017లో ఇంకో ప్రైవేటు బిల్లు చట్టమైంది. తెచ్చింది హారో ఈస్ట్ ఎంపీ బాబ్ బ్లాక్‌మన్, అక్కడి హిందూ సంఘాల సభల్లో తరచూ కనిపించే మనిషి. ఇల్లు పోయేదాకా ఆగకుండా, పోబోతోందని తెలిసిన 56 రోజుల ముందు నుంచే కౌన్సిల్ రంగంలోకి దిగాలి. యజమానితో మాట్లాడటం, బకాయి తీర్చడానికి సాయం చేయడం, వేరే ఇల్లు వెతికి డిపాజిట్ కట్టడం. మంచి చట్టం, ఎందుకంటే ఒక నెల అద్దె బకాయి తీర్చడం ఒక ఏడాది హోటల్ బిల్లు కంటే చవక. దీని పక్కనే స్థల ప్రణాళిక ఉంది. ఎక్కడ ఎన్ని ఇళ్లు రావాలో కౌన్సిల్ లోకల్ ప్లాన్ రాసుకుంటుంది. పెద్ద బిల్డర్ అనుమతికి వస్తే, ఇన్ని ఫ్లాట్లు తక్కువ అద్దెకు కేటాయించాలని ఒప్పందం రాయించుకుంటుంది. బిల్డర్ సరేనంటాడు. కొన్నాళ్లకు లెక్కలు పట్టుకొచ్చి, అన్ని కేటాయిస్తే నాకు గిట్టదంటాడు. ఆ సంఖ్య తగ్గుతుంది. తక్కువ అద్దె అన్నదానికి కూడా 2011 నుంచి మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా అని అర్థం చెప్పారు. ఈస్ట్ హామ్‌లో హోటల్ ఊడ్చే మనిషికి ఆ 80 శాతం కూడా అందదు.

అన్నిటికంటే వింత లెక్క ఇంకోటి ఉంది. తాత్కాలిక వసతికి కౌన్సిల్ ఇవాళ్టి మార్కెట్ అద్దె కడుతుంది. దానికి కేంద్రం తిరిగి ఇచ్చే సొమ్ము మాత్రం చాలా రకాల వసతికి 2011 జనవరి నాటి రేటులో 90 శాతం దగ్గర ఆగిపోయింది. మధ్యలోని తేడా ఊరు భరించాలి. ఇంగ్లండ్ కౌన్సిళ్లన్నీ కలిపి తాత్కాలిక వసతి మీద 2023-24లో పెట్టిన ఖర్చు సుమారు 230 కోట్ల పౌండ్లు. 2025లో న్యూహామ్ చేతులెత్తేసే స్థితికి వచ్చింది. మామూలుగా 5 శాతం లోపే పెంచుకోగల కౌన్సిల్ పన్నును 9 శాతం దాకా పెంచుకోనివ్వమని కేంద్రాన్ని అడిగి, అనుమతి తెచ్చుకుంది. తాత్కాలిక వసతి ఖర్చే అందుకు ముఖ్య కారణం. 1926లో చాంబర్లిన్ తప్పించిన బోర్డుకీ ఈ కౌన్సిల్‌కీ వందేళ్ల దూరం ఉంది, తగాదా మాత్రం అదే.

ఖర్చు భరించలేని ఊరు ఏం చేస్తుందో పాతకాలంలోనే చూశాం, మనుషులను పొలిమేర దాటిస్తుంది. 2012లో, ఒలింపిక్స్ కోసం స్ట్రాట్‌ఫర్డ్ ముస్తాబవుతుండగా, న్యూహామ్ కౌన్సిల్ 150 మైళ్లకు పైగా దూరంలో ఉన్న స్టోక్‌లోని ఒక హౌసింగ్ సంస్థకు, మా దగ్గరి 500 కుటుంబాలను తీసుకుంటారా అని ఉత్తరం రాసింది. దేశమంతా గగ్గోలైంది. మరుసటి ఏడాది స్ట్రాట్‌ఫర్డ్‌లోని ఒక హాస్టల్‌లో ఉన్న పసిబిడ్డల తల్లులకు మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, హేస్టింగ్స్ వెళ్లమని చెప్పారు. వాళ్లు వెళ్లలేదు. ఫోకస్ ఇ15 అని పేరు పెట్టుకుని వీధికెక్కారు. కూల్చడానికని కౌన్సిల్ ఏళ్ల తరబడి ఖాళీ చేయిస్తూ వచ్చిన కార్పెంటర్స్ ఎస్టేట్‌లో 2014లో కొన్ని ఫ్లాట్ల తలుపులు తెరిచి కూర్చున్నారు. లోపల వంటగదులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మీ దగ్గర ఇళ్లు లేకపోతే ఇవేమిటన్న వాళ్ల ప్రశ్నకు జవాబు ఇవ్వడం ఎవరికైనా కష్టమే. 2021లో ఆ ఎస్టేట్ వాసుల మధ్య ఓటింగు పెడితే కొత్తగా కట్టడానికి మొగ్గు చూపారు. కౌన్సిల్ సొంత కంపెనీ పాప్యులో ఆ పని చూస్తోంది. కౌన్సిళ్లు ఇళ్ల కోసం చేసే అప్పు మీద ఉన్న పరిమితిని 2018లో ఎత్తేయడం వల్ల ఇలాంటివి మళ్లీ సాధ్యమవుతున్నాయి. సామాజిక గృహాలకు పదేళ్లలో 3,900 కోట్ల పౌండ్లని 2025లో కేంద్రం ప్రకటించింది.

నా తీర్పు అడిగితే, చట్టాలు రాయడంలో ఈ దేశానికి సాటి లేదు. కానీ ఏ కాలంలో ఇల్లు లేనివాళ్లు తగ్గారో చూస్తే, అవి చట్టం బాగున్న కాలాలు కావు, కట్టిన కాలాలు. బాధ్యతతో పాటు డబ్బు కూడా వస్తే ఏమవుతుందో ఒకసారి చూశాం. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు, ఆరుబయట ఉన్నవాళ్లందరినీ లోపలికి తీసుకోండి, డబ్బు మేం చూసుకుంటాం అని కేంద్రం చెబితే, కౌన్సిళ్లు కొద్ది రోజుల్లోనే వేలమందిని హోటల్ గదుల్లో పెట్టాయి. ఏ ఊరి మనిషివని ఆ కొద్ది కాలం ఎవరూ పెద్దగా అడగలేదు.

ఇందులో మన పిల్లల స్థానం ఏమిటి? 1857లో తూర్పు లండన్‌లోని లైమ్‌హౌస్‌లో ఆసియా నావికుల కోసం ఒక బస గృహం తెరిచారు. లాస్కర్లనే ఆ నావికులను, వాళ్లలో చాలామంది భారతీయులు, ఓడలు దించేసి వదిలేస్తే, వాళ్లు చలికి వీధుల్లో చచ్చిపోతుంటే మిషనరీలు పూనుకున్నారు. దానికి పంజాబ్ మహారాజా దులీప్ సింగ్ కూడా చందా ఇచ్చాడు. అప్పుడు వాళ్లు ఏ పారిష్ లెక్కలోనూ లేరు. ఇప్పుడు స్టూడెంట్ వీసా మీద, వర్క్ వీసా మీద ఉన్నవాళ్లూ లేరు. పబ్లిక్ ఫండ్స్ వర్తించవు అన్న షరతు వీసాలోనే ఉంటుంది. ఉద్యోగం పోయినా, గది పోయినా, ఇల్లు లేనివాళ్లకు కౌన్సిల్ ఇచ్చే వసతి వాళ్లకు అందదు. ఒక బెడ్‌రూమ్‌లో నలుగురు, రాత్రి డ్యూటీవాడు లేచిన పరుపు మీద పగటి డ్యూటీవాడు, ఇది ఈస్ట్ హామ్‌లో మనవాళ్లలో ఎవరికీ కొత్త కాదు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో తల్లిదండ్రులకు మాత్రం ఇది ఎవరూ చెప్పరు.

అయితే అద్దెదారుగా హక్కులు వీసా మీద ఉన్నవాళ్లకూ ఉన్నాయి. అందుకని పిల్లలను పంపేవాళ్లకు నా మనవి. వాట్సాప్‌లో ఎవరో చెప్పిన గదికి నగదు ఇవ్వనీయకండి. కాగితం మీద ఒప్పందం అడగమనండి, కట్టిన ప్రతి పౌండుకూ రశీదు ఉంచుకోమనండి. యజమానితో కలిసి ఒకే ఇంట్లో ఉండే పద్ధతి కాకపోతే, డిపాజిట్‌ను యజమాని 30 రోజుల్లోగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న పథకంలో నమోదు చేయాలి. సాధారణంగా అది అయిదు వారాల అద్దెకు మించకూడదు. 2013లో దాదాపు బరో అంతటా ప్రైవేటు అద్దె ఇళ్లకు లైసెన్సు తప్పనిసరి చేసిన తొలి కౌన్సిల్ న్యూహామే. లైసెన్సు ఉండవలసిన ఇంటికి అది లేకుండా అద్దెకిస్తే, కట్టిన అద్దెలో ఏడాది మొత్తం దాకా తిరిగి ఇప్పించమని అద్దెదారు ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. 2025 నాటి అద్దెదారుల హక్కుల చట్టం ఆ పరిమితిని రెండేళ్లకు పెంచింది. లైసెన్సు ఉన్న ఇళ్ల జాబితా కౌన్సిల్ బహిరంగంగా ఉంచుతుంది. విమానం ఎక్కకముందే చిరునామా పెట్టి చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.